ఏ కాలో రాయండి

పెద్దమ్మకి మనిషి ఎదురైతే ముందు కనిపించేవి కాళ్ళు. ముఖం తర్వాత, అదీ తీరికుంటే. ఆసుపత్రిలో సగం మందిని ఆవిడ ముఖం చూసి పోల్చుకోలేదు. అదే నడక చూసిందంటే మెట్ల కిందనుంచే, "అదుగో, ఎడమ మడమ ఈడ్చే నర్సమ్మ దిగుతోంది" అనేసేది. కాబోయే అల్లుణ్ణి మొదటిసారి చూసొచ్చినప్పుడు, కుర్రాడెలా ఉన్నాడని ఇంట్లోవాళ్ళు ఆత్రంగా అడిగితే, "అరికాళ్ళు చదును. అంతకు మించి వంక పెట్టడానికేం లేదు" అందిట. రంగేమిటి, ఎత్తెంత అని అడిగితే ఆవిడ దగ్గర జవాబు లేదు.

ఆవిడ చేసే పని అలాంటిది మరి. ఆసుపత్రి పాత భవనంలో, మందుల గోదాము పక్కన, రోగుల కాగితాలకి కోడ్లు వేసే సెక్షన్ ఉంది. డాక్టర్లు జబ్బుని మాటల్లో రాస్తారు. ఈ గదిలోవాళ్ళు దిండంత కోడ్ల పుస్తకం తిరగేసి ఆ జబ్బుకో అంకె తగిలిస్తారు. ఒకరికి గుండె, ఒకరికి కడుపు, ఒకరికి కళ్ళు అని పంచుకున్నారు. పెద్దమ్మ వాటాకి కాళ్ళు వచ్చాయి. అందులోనూ పుట్టాక వంకరపోయిన కాళ్ళు.

కాళ్ళంటే తేలిక అనుకుంటారు గాని, కాదు. పుట్టుకతో వంకరున్న కాలిది ఒక అధ్యాయం, మంచిగా పుట్టి తర్వాత వంకరపోయిన కాలిది ఇంకో అధ్యాయం. మోకాలు లోపలికి పోతే ఒక అంకె, బయటికి పోతే మరో అంకె, ఒక కాలు రెండోదానికన్నా పొట్టయితే వేరే అంకె. మళ్ళీ అన్నిట్లోనూ కుడికి వేరు, ఎడమకి వేరు. ఇవేవీ డాక్టరు రాయకపోతే చివర్న 'ఏ కాలో చెప్పలేదు' అన్న అంకె కూడా ఉంది. లోకమంతా దాన్ని హాయిగా వాడుకుంటుంది. పెద్దమ్మ మాత్రం తన పుస్తకంలో ఆ వరస మీద తెల్లకాగితం అతికించేసింది.

"ఏ కాలో తెలియని కాలు ఎక్కడుంటుందమ్మా? అయితే కుడి, కాకపోతే ఎడమ" అనేది ఎవరైనా అడిగితే.

దీనివల్ల ఎక్కువ నలిగిపోయినవాడు ఎముకల డాక్టరు. పాపం మంచి డాక్టరే, చేతి పని బంగారం. రాత దగ్గరే కాస్త పొదుపు మనిషి. ఆయన గదిలో రోగులు తగ్గారో లేదో చూసుకుని పెద్దమ్మ ఫైలు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడేది.

"ఏ కాలండీ?"

"రాశాగా అమ్మా, మోకాలు వంకర అని."

"ఏ మోకాలు?"

"ఆయనదే. ఆ పెద్దాయనది."

"కుడా, ఎడమా?"

"కుడి."

"లోపలికా, బయటికా?"

"బయటికి. ఇంక వెళ్తారా?"

"పుట్టుకతో వచ్చిందా, తర్వాత వచ్చిందా?"

"ఆయనకి డెబ్భై దాటాయమ్మా. అరిగిపోయి వంకరపోయింది."

"ఆ ముక్కే రాయండి. నేనిక్కడే ఉంటా."

రాసేదాకా కదిలేది కాదు. ఒకసారి ఆయన ఆవిడ రావడం చూసి ఎక్స్‌రే గదిలో తెర వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. పెద్దమ్మ తెర కింద బూట్లు చూసింది. "డాక్టరు గారూ, కుడి బూటు లేసు ఊడింది. ఏ కాలో రాసేసి కట్టుకోండి" అంది. తెర సందులోంచి చెయ్యి బయటికి వచ్చి ఫైలు అందుకుంది.

మనుషుల కాళ్ళతో ఆగినా బాగుండేది. సెక్షన్లో పెద్ద బల్ల ఊగుతోందని వడ్రంగిని పిలిపిస్తే, అతను ఉలి బయటికి తీయకముందే మొదలుపెట్టింది. ఏ కాలు పొట్టి, చేసినప్పుడే పొట్టా, తర్వాత అయిందా అని. "చేసినప్పుడు సరిగ్గానే ఉందమ్మా, ఇక్కడికొచ్చాకే తేడా వచ్చింది" అన్నాడతను. "చూశారా, పుట్టాక వచ్చిందే" అని పెద్దమ్మ గదంతా కలయజూసింది. వడ్రంగి చెక్కముక్క పెట్టి, ఆసుపత్రిలో ఎవరికి పిచ్చో అర్థంకాక గబగబా వెళ్ళిపోయాడు.

ఇలాంటి గదిలోకి వచ్చి పడింది కొత్తమ్మాయి. చేరి ఏడాది దాటినా ఆ పేరు పోలేదు. ఆమె తర్వాత ఇంకెవరినీ చేర్చుకోకపోవడమే కారణం.

కొత్తమ్మాయి చిన్నప్పుడు గోడమీంచి పడితే ఎడమ తొడ ఎముక విరిగింది. అతుక్కుంది గాని కాస్త పొట్టిగా అతుక్కుంది. బూటు లోపల మందపాటి అట్ట వేసుకుంటే తేడా పెద్దగా తెలియదు, తొందరగా నడిస్తే తప్ప. అంతకు ముందు పనిచేసిన ఆఫీసులో అందరూ మంచివాళ్ళే. అదే వచ్చిన చిక్కు. ఎక్కడికి బయల్దేరినా నలుగురూ ముందుకెళ్ళి, వెనక్కి తిరిగి, తల ఓ పక్కకి వాల్చి, "నువ్వు మెల్లగా రా అమ్మా, మేం ఆగుతాంలే" అనేవాళ్ళు. ఒకరు సంచీ లాక్కునేవాళ్ళు, ఇంకొకరు కుర్చీ తెచ్చేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది, ఏడుపొచ్చేది, పైకి మాత్రం నవ్వాల్సొచ్చేది. చివరికి ఆ ఉద్యోగమే మానేసింది. ఈసారి ఎవరి చేతా ఆ మాట అనిపించుకోకూడదని ఒట్టు పెట్టుకుని మరీ ఇక్కడ చేరింది.

చేరిన రోజు గేటు దగ్గరే పెద్దమ్మ సంగతి విని ఆమె గుండె జారిపోయింది. అందరికన్నా ముందొచ్చి, కుర్చీలో కూర్చుని, పెద్దమ్మ గుమ్మంలో కనబడగానే పాదాలు రెండూ బల్ల కిందకి లాగేసుకుంది. పెద్దమ్మ లోపలికి వచ్చింది, వచ్చి కొత్తమ్మాయి ముఖం చూసింది. సూటిగా ముఖమే.

"టీ తాగుతావా అమ్మాయ్?" అంది.

అంతే. ఆ రోజే కాదు, తర్వాత కూడా అడగలేదు. తోటమాలి కాలూ, లిఫ్టు నడిపేవాడి కాలూ, గోడగడియారం కింద మూడుకాళ్ళ స్టూలూ అన్నీ విచారణకి వచ్చాయి గాని, పక్క కుర్చీలో కాలు రాలేదు. ఇంట్లో వాళ్ళమ్మ నమ్మలేదు.

"ఆవిడ నీ కాలు గురించి ఏం అడిగింది?"

"ఏం అడగలేదు. కనిపెట్టలేదమ్మా."

"లోకంలో కాళ్ళన్నీ చూసే మనిషి నీది కనిపెట్టలేదా?"

"నా బూటు అలాంటిది" అంది కొత్తమ్మాయి గర్వంగా. లోపల్లోపల పెద్దమ్మ మీద కాస్త చిన్నచూపు కూడా కలిగింది. ఇంత పేరుపడ్డ మనిషికి తన కాలు అందలేదు కదా అని.

సెక్షన్ వాళ్ళందరూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కలిసి టీకి వెళ్ళడం అలవాటు. క్యాంటీను కొత్త భవనం చివర్న ఉంది. మధ్యలో రైలుపెట్టంత పొడుగు వరండా, దాని పొడుగునా బెంచీలు, బెంచీల మీద కట్లూ, కర్రలూ, చక్రాల కుర్చీలూ. ఇంకేం, పెద్దమ్మ నాలుగడుగులు వేయడం, చెయ్యి అడ్డంపెట్టి అందరినీ ఆపడం.

"ఆగండాగండి. ఆ గళ్ళ చొక్కాని చూడండి. కుడి పాదం బయటికి విసురుతున్నాడు. పుట్టుకతో అంటారా?"

"బూటు కరుస్తోందేమో పెద్దమ్మా" అనేవాడు కళ్ళద్దాలాయన. ఆయనది గుండె వాటా, సెక్షన్లో అందరికన్నా పాతవాడు. ఆకలికి ఆగలేడు.

"బూటు కరిస్తే అలా విసరరు. ఉండండి, మళ్ళీ ఇటే తిరిగొస్తాడు."

అందరూ గోడకానుకుని గళ్ళ చొక్కా కోసం ఎదురుచూసేవాళ్ళు. వెనకాల వస్తున్న కొత్తమ్మాయి కూడా వచ్చి చేరేది. "నువ్వు చెప్పమ్మాయ్, నీ కళ్ళు మంచివి" అనేది పెద్దమ్మ. ఆమె ఏదో చెప్పేది. మళ్ళీ బయల్దేరేవాళ్ళు, మందుల కిటికీ దగ్గర ఇంకో కాలు, ఎక్స్‌రే గది ముందు మరో జత. క్యాంటీను చేరేసరికి మెత్తటి బన్నులన్నీ అయిపోయి గాజుబీరువాలో గట్టి బిస్కట్లు మిగిలేవి. ఆ బిస్కట్లు టీలో ఎంతసేపు ముంచినా చలించేవి కావు. కళ్ళద్దాలాయనకి ఒక పన్ను వాటికే బలైపోయింది.

ఒకరోజు సూపరింటెండెంటు గారు సెక్షన్ వాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఫైళ్ళెందుకు పేరుకుపోతున్నాయో అడిగారు. "టీకని వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనబడరేమయ్యా? అంతసేపు ఏం తాగుతారు?" అన్నారు.

అందరూ నేల చూపులు చూస్తుంటే కొత్తమ్మాయికి ఉక్రోషం వచ్చింది. సెక్షన్ వాళ్ళు బద్ధకస్తులని పేరు రావడం ఆమెకి నచ్చలేదు. "తాగేది కాసేపేనండీ. దార్లో పెద్దమ్మ ఆపేస్తారు, కాళ్ళు చూడ్డానికి" అంది నవ్వుతూ.

అందరూ పగలబడి నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వనిది సూపరింటెండెంటు గారొక్కరే. "రేపటినుంచి వరండాలో ఎవరూ ఆగడానికి వీల్లేదు. తిన్నగా వెళ్ళండి, తిన్నగా రండి" అన్నారు. పెద్దమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకి అలవాటు లేదు గనక, అలిగిందేమోనని కొత్తమ్మాయి అనుకుంది.

మర్నాడు తిన్నగానే బయల్దేరారు. ఆపేవాళ్ళు లేకపోయేసరికి కళ్ళద్దాలాయన బన్నులమీదే ధ్యాస పెట్టి అంగలేశాడు. మిగతావాళ్ళూ ఆయన వెనకే. మందుల కిటికీ దాటేసరికి కొత్తమ్మాయి నాలుగడుగులు వెనకబడింది. ఎక్స్‌రే గది దాటేసరికి వాళ్ళ వీపులు చిన్నవైపోయాయి. అడుగు పెంచింది. బూటులో అట్ట టపటపమంది, నడుము ఒక పక్కకి ఒరిగింది, బెంచీల మీద జనం తలలు తిప్పి చూశారు. ఇదేమిటి, ఇన్నాళ్ళూ అందరితో సమంగా నడిచాను కదా, ఇవాళేమైంది అని చెమటలు పట్టాయి ఆమెకి. దూరంగా కళ్ళద్దాలాయన ఆగాడు. వెనక్కి తిరిగాడు. తల ఓ పక్కకి వాల్చాడు.

"అమ్మాయ్, నువ్వు మెల్లగా..."

"అమ్మో, నా మోకాలు" అని పెద్ద కేక పెట్టి పెద్దమ్మ బెంచీ మీద కూలబడింది.

అందరూ ఆవిడ చుట్టూ మూగారు. పెద్దమ్మ ఎడమ మోకాలు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని మూలుగుతూ కూర్చుంది. కొత్తమ్మాయి వచ్చి చేరిన కాసేపటికి కళ్ళు తెరిచి, "ఆఁ, సర్దుకుందిలే, పదండి. గబగబా మాత్రం నడవకండి, నా వల్ల కాదు" అంది. సూపరింటెండెంటు గారు కాళ్ళు చూడొద్దన్నారు గాని, మోకాలు నొప్పి రావద్దనలేదు కదా. మిగతా దారంతా పెద్దమ్మ కుంటుతూ, సెక్షన్ మొత్తం ఆవిడ వెనక నత్తనడకన సాగారు.

టీ తాగుతూ కళ్ళద్దాలాయన కొత్తమ్మాయితో గొణిగాడు. "ఈవిడకి మోకాలు నొప్పి అంటే నమ్మబుద్ధి కావట్లేదమ్మా. ఒకప్పుడు ఈవిడ టీకి బయల్దేరితే మేం వెనక పరుగెత్తాల్సొచ్చేది."

"ఒకప్పుడా? దార్లో ఆగేవారు కాదా అన్నయ్యా?"

"ఆగడమా? కాళ్ళు చూసేది గాని, నడుస్తూ చూసేది. మేం పిలిచినా వినేది కాదు. బన్నులు ఎప్పుడూ వేడిగా దొరికేవి" అని ఆయన ఆ రోజులు తలుచుకుని నిట్టూర్చాడు. "ఈ ఆగడాలన్నీ నువ్వు చేరిన రోజుల్లోనే మొదలయ్యాయి. వయసు మీదపడిందని సరిపెట్టుకున్నాం."

కొత్తమ్మాయి చేతిలో బిస్కట్టు టీలోకి జారిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, బూట్లయినా విప్పకుండా కూర్చుంది. ముందు కోపం వచ్చింది. మొదటి రోజునుంచీ తెలుసన్నమాట. తర్వాత సిగ్గేసింది, తన బూటు గొప్పతనం వాళ్ళమ్మకి వర్ణించి చెప్పినందుకు. తర్వాత ఆ వరండా అంతా ఒక్కసారి కళ్ళముందుకొచ్చింది. గళ్ళ చొక్కాలు, చేతికర్రలు, ఆగండాగండి అన్న కేకలు. ఇన్నాళ్ళలో అక్కడ ఎవరూ తనకోసం ఆగలేదు. ఎవరో గళ్ళ చొక్కా ఆయన కాలికోసం ఆగారు, తను మామూలుగా వచ్చి కలుసుకుంది, అంతే. తన అభిప్రాయం కూడా అడిగారు. ఇంతకన్నా ఏం కావాలి తనకి? నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి.

"ఏమైందే?" అని అడిగింది వాళ్ళమ్మ.

"ఆవిడ కనిపెట్టిందమ్మా" అంది కొత్తమ్మాయి.

మర్నాడు టీకి బయల్దేరగానే పెద్దమ్మ గుమ్మంలోంచే కుంటడం మొదలెట్టింది. బాగానే కుంటుతోంది. గోడ పట్టుకోవడం, పళ్ళ బిగువున మూలగడం, నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకోవడం, దేనికీ లోటు చేయలేదు. వెనకనుంచి కొత్తమ్మాయి చూసింది. ఏడాదిపాటు ఆవిడ దగ్గరే కాళ్ళ పని నేర్చుకున్న పిల్ల, ఆ మాత్రం పట్టుకోలేదా? నిన్న నొప్పి చేసింది ఎడమ మోకాలు. ఇవాళ కుంటుతున్నది కుడికాలు.

పట్టుకున్నది ఆమె ఒక్కతే అయితే బాగుండేది. ఎక్స్‌రే గదిలోంచి ఎముకల డాక్టరు బయటికొచ్చాడు. పెద్దమ్మ కుంటడం చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఎన్నేళ్ళుగా ఈ రోజుకోసం కాచుకున్నాడో ఏమో, జేబులోంచి పెన్ను తీసి దారికడ్డంగా నిలబడ్డాడు.

"ఏ కాలమ్మా?"

"కుడికాలండీ" అంది పెద్దమ్మ.

"నిన్న ఎడమ మోకాలు పట్టుకుని కూర్చున్నారే? కిటికీలోంచి చూశాను."

పెద్దమ్మ ఒంగి తన కాళ్ళకేసి చూసుకుంది. లోకంలో కాళ్ళన్నిటి సంగతీ తెలిసిన మనిషి, తన కాళ్ళ దగ్గరికొచ్చేసరికి తడబడిపోయింది.

"లోపలికా, బయటికా? పుట్టుకతో వచ్చిందా, తర్వాత వచ్చిందా?" డాక్టరు పెన్ను మూత తీశాడు. "నిదానంగా చెప్పండి. నేనిక్కడే ఉంటా."

ముందు నడుస్తున్న కళ్ళద్దాలాయనా, మిగతావాళ్ళూ వెనక్కి తిరిగారు. ఇంకొక్క ప్రశ్న పడితే పెద్దమ్మ మోకాలు సంగతీ, దాని వెనకాల కొత్తమ్మాయి కాలు సంగతీ నడివరండాలో బయటపడిపోతాయి. కొత్తమ్మాయి గబగబా వచ్చింది. అట్ట టపటపమన్నా లెక్కచేయలేదు.

"రెండు కాళ్ళూనండీ డాక్టరు గారూ" అంది. "నిన్న ఎడమ ఎక్కువ, ఇవాళ కుడి ఎక్కువ. పుట్టాక వచ్చిందే. వయసుతో అరిగిన నొప్పి. చీటీ రాయించుకుని మళ్ళీ వస్తాం."

"రెండూ అని ముందే చెప్పొద్దుటమ్మా?" అన్నాడు డాక్టరు పరమానందంగా. "వివరంగా చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?" అని పెన్ను జేబులో పెట్టుకుని, ఈలవేసుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన ప్రతి ఫైల్లోనూ ఏ కాలో రాశాడని తర్వాత తెలిసింది.

ఇద్దరూ పక్కపక్కన కాస్త దూరం నడిచారు.

"ఏ కాలు పెద్దమ్మా?" అంది కొత్తమ్మాయి మెల్లగా.

"చెప్పావుగా, రెండూ అని."

"అది డాక్టరు గారికి. నాకు చెప్పండి."

పెద్దమ్మ గోడ పట్టుకుని ఇంకాస్త గట్టిగా మూలిగింది.

"పోనీ, ఎప్పట్నుంచి?"

"నువ్వు చేరినప్పట్నుంచి అని మాత్రం రాయకు. బాగోదు."

కొత్తమ్మాయి తన బూటుకేసి చూసి, "నాది ఎడమ" అంది.

"తెలుసు."

"తొడ ఎముక. పుట్టాక వచ్చిందే."

"అదీ తెలుసులే. మొదటి రోజు బల్ల కిందకి ముందు లాక్కున్నది దాన్నే కదా."

"మరి మీది ఏ కాలని రాసుకోమంటారు?"

పెద్దమ్మ చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "ఏ కాలో చెప్పలేదని రాసుకో. పుస్తకంలో అంకె ఉందిగా."

"దాని మీద మీరు కాగితం అతికించారు."

"పీకెయ్" అంది పెద్దమ్మ.

కొత్తమ్మాయి పెద్దమ్మ జబ్బ పట్టుకుంది. తల ఓ పక్కకి వాల్చి, ముందున్నవాళ్ళందరికీ వినబడేలా, "మీరు మెల్లగా రండి పెద్దమ్మా, మేం ఆగుతాంలే" అంది. పెద్దమ్మ ఆమెకేసి గుర్రుగా చూసింది. ఆ మాట వింటే ఒళ్ళెలా మండుతుందో ఆవిడకి మొదటిసారి తెలిసినట్టుంది. కొత్తమ్మాయికి మాత్రం ఆ మాట అనడం ఇంత హాయిగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియదు.

కళ్ళద్దాలాయన బన్నుల మీద ఆశ వదులుకుని గోడకానుకున్నాడు. అందరూ ఆగారు, ఇద్దరూ వచ్చి కలుసుకున్నారు, మళ్ళీ బయల్దేరారు. క్యాంటీను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ మళ్ళీ ఎడమకాలే కుంటుతోంది. కొత్తమ్మాయి చూసింది. చూసి, బిస్కట్లు తెస్తానని ముందుకెళ్ళింది.